కోచ్ అవుతానంటున్న అమ్మాయికి ఎందుకు అడ్డం పడతాం? అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గాలకు, ముఖ్యంగా క్రీడా కమిటీల వారికీ యువజన కమిటీల వారికీ,

నమస్కారం.

మీ మహాసభల్లో యువత కోసం పెట్టే కెరీర్ సదస్సుకు ఎవరెవరిని పిలుస్తారో బ్రోచర్ చూడకుండానే చెప్పేయొచ్చు. ఒక కార్డియాలజిస్టు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు, సొంత స్టార్టప్ పెట్టిన కుర్రాడొకడు, ఈ మధ్య అయితే ఏఐ గురించి మాట్లాడే ఒకాయన తప్పనిసరి. వాళ్లు వద్దని నేననను. కానీ కాలేజీ జట్టుకు కోచ్‌గా పనిచేస్తున్న ఒక్క ఆడమనిషినైనా పిలిచినట్టు నేనింతవరకు చూడలేదు. అదీ ఒక ఉద్యోగమేనని, మన ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలు కూడా అది చేయొచ్చని మీకెవరికీ తట్టినట్టు లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేనుండేది సౌత్ కరోలినా రాజధాని కొలంబియాలో. ఈ ఊళ్లో డాన్ స్టేలీ ఎవరని గ్యాస్ స్టేషన్‌లో అడిగినా చెబుతారు. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినా మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమె హెడ్ కోచ్. 2025లో డౌన్‌టౌన్‌లో ఆమె విగ్రహం పెట్టారు, మనిషి ఇంకా ఉద్యోగం చేస్తుండగానే. విగ్రహాలు పెట్టే విషయంలో తెలుగువాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదనుకోండి. అయినా ఒక కాలేజీ కోచ్‌కి, అందులోనూ ఆడపిల్లల జట్టు కోచ్‌కి విగ్రహం లేచిందంటే ఆవిడ ఈ ఊరికి ఏం చేసిందో తెలుసుకోవడం మంచిది.

స్టేలీ 1970లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. పేదల కోసం ప్రభుత్వం కట్టించిన రేమండ్ రోజెన్ ఇళ్లలో పెరిగారు. ఐదుగురు పిల్లల్లో ఆఖరావిడ. తల్లి ఎస్టెల్‌ది అసలు సౌత్ కరోలినాయే. నల్లజాతివాళ్లకు దక్షిణాదిలో బతుకు నరకంగా ఉన్న రోజుల్లో చిన్న వయసులోనే ఈ రాష్ట్రం వదిలి ఉత్తరాదికి వెళ్లిపోయిన మనిషి. ఆ తల్లి వదిలేసిన రాష్ట్రానికే కూతురు కోచ్‌గా రావడం తరవాతి సంగతి. స్టేలీ పేటలోని మగపిల్లలతో కలబడి ఆడి ఆట నేర్చుకున్నారు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. బాస్కెట్‌బాల్‌లో అది పొట్టి కిందే లెక్క. అందుకే పాయింట్ గార్డ్ అయ్యారు. బంతి తెచ్చేదీ, ఎవరు ఎటు పరిగెత్తాలో చెప్పేదీ, అవతలివాళ్లు ఏం చేయబోతున్నారో అందరికంటే ముందు పసిగట్టాల్సిందీ పాయింట్ గార్డే. ఆ స్థానంలో ఆడే అమ్మాయి కోర్టు మీద ఉండగానే సగం కోచ్. మీ ఇంట్లో పాయింట్ గార్డ్ ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1988లో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చేరారు. కోచ్ డెబీ రయన్ దగ్గర నాలుగేళ్లు ఆడితే అందులో మూడేళ్లు జట్టు ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరికి మిగిలే నాలుగు జట్ల పోటీకి వెళ్లింది. 1991 ఫైనల్లో టెనెసీ చేతిలో 70-67తో, అదీ ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. అయినా ఆ ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డు స్టేలీకే ఇచ్చారు. ఓడిన జట్టులోని అమ్మాయికి ఆ అవార్డు రావడం మామూలు విషయం కాదు. 1991లోనూ 1992లోనూ దేశంలో ఉత్తమ కాలేజీ క్రీడాకారిణిగా నైస్మిత్ అవార్డు ఆవిడదే. కాలేజీ ట్రోఫీ మాత్రం ఆటగత్తెగా చేతికి రాలేదు.

ఇంత పేరు తెచ్చుకుని 1992లో డిగ్రీ పట్టుకుని బయటికొస్తే ఈ దేశంలో ఆడవాళ్లు బాస్కెట్‌బాల్ ఆడి బతకడానికి ఒక్క లీగ్ లేదు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టులో కూడా చోటివ్వలేదు. ఫ్రాన్స్, ఇటలీ, బ్రెజిల్, స్పెయిన్ తిరిగి అక్కడి క్లబ్బులకు ఆడారు. మన పిల్లలు డిగ్రీ అయ్యాక ప్రాజెక్టు దొరికిన ఊరికల్లా సూట్‌కేసు పట్టుకుని తిరగడం మనకు కొత్తేమీ కాదు కదా. అట్లాంటా ఒలింపిక్స్ కోసం అమెరికా ఒక మహిళల జట్టును ఏడాది ముందే కట్టి ప్రపంచమంతా తిప్పింది. ఆ జట్టు ఒలింపిక్స్‌కు ముందు 52 ఆటలు ఆడి 52 గెలిచింది, ఒలింపిక్స్‌లో మరో 8 గెలిచి స్వర్ణం తెచ్చింది. స్టేలీ అందులో ఉన్నారు. ఆ ఊపులోనే 1996లో ఏబీఎల్, 1997లో డబ్ల్యూఎన్‌బీఏ అనే మహిళల ప్రొఫెషనల్ లీగులు పుట్టాయి. ఏబీఎల్ రెండేళ్లు దాటాక సీజన్ మధ్యలోనే మూతబడింది. స్టేలీ 1999లో, మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉన్న షార్లెట్ నగరంలోని షార్లెట్ స్టింగ్ జట్టుకు వచ్చారు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంవత్సరం 2000. స్టేలీకి అప్పుడు ముప్ఫై ఏళ్లు. ఆట ఇంకా మంచి ఊపు మీదుంది. కోచ్ అవ్వాలన్న ఆలోచనే తనకు లేదని ఆవిడే చాలాసార్లు చెప్పారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్ ఆమెను పిలిచి, చతికిలపడిన మా మహిళల జట్టును నువ్వు లేపగలవా అని సవాలు విసిరారు. ఒక్క రోజైనా కోచ్‌గా పనిచేసిన అనుభవం లేని మనిషికి హెడ్ కోచ్ ఉద్యోగం! పైగా డబ్ల్యూఎన్‌బీఏలో ఆడటం మానక్కర్లేదని కూడా ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఆవిడ వేసవంతా షార్లెట్ తరఫున ఆడారు, సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లి రెండో స్వర్ణంతో వచ్చారు, నవంబరుకల్లా టెంపుల్ బెంచీ పక్కన సూటు వేసుకుని నిలబడ్డారు.

సిడ్నీ అంటే మనకు గుర్తొచ్చేది కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం అమ్మాయి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ అయింది. 2021లో ఆమెను ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమించారు. ఆటగత్తె చదువుల లోకంలోకి వచ్చి పెద్ద కుర్చీలో కూర్చోవడం మనవాళ్లలోనూ జరిగిందని చెప్పడానికి ఈ ప్రస్తావన. ఇంకో పేరు కూడా తీసుకుంటాను. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. ఇవాళ సింధు పతకం గురించి మాట్లాడే ప్రతి తెలుగువాడూ ఆ ఊపిరిలోనే గోపీచంద్ పేరు కూడా తలుస్తాడు. అంటే కోచ్‌ని గౌరవించడం మనకు చేతకాక కాదు. మన ఇంట్లో పిల్ల ఆ పని చేస్తానంటేనే గొంతులో పచ్చివెలక్కాయ పడుతుంది.

టెంపుల్‌లో స్టేలీ ఎనిమిది సీజన్లు ఉన్నారు. మొదటి ఆరేళ్లు రెండు పనులూ చేశారు, చలికాలం కోచ్, వేసవిలో ఆటగత్తె. 2001లో షార్లెట్ జట్టు మొదటి పదకొండు ఆటల్లో పది ఓడిపోయి, ఆ తరవాత పుంజుకుని ఏకంగా ఫైనల్‌కు వెళ్లింది. అలాంటి సీజన్ ఆడి వచ్చిన మనిషి డ్రెస్సింగ్ రూములో మొహాలు వేలాడేసుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఏదైనా చెబితే వాళ్లు వినరా? 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని నడిచారు, మూడో స్వర్ణం తెచ్చారు. 2006లో ఆట ఆపేశారు. టెంపుల్‌లో 172 గెలుపులు, 80 ఓటములు, ఆరుసార్లు కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే జాతీయ టోర్నమెంట్‌లో చోటు.

2008లో కొలంబియాకు వచ్చారు. మొదటి సీజన్ పది గెలుపులు, పద్దెనిమిది ఓటములు. రెండోది పద్నాలుగు, పదిహేను. మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న మనిషికి వరసగా రెండేళ్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఈ ఊళ్లోని కలోనియల్ లైఫ్ అరీనాలో పద్దెనిమిది వేల సీట్లు. అప్పట్లో మహిళల ఆటకు వాటిలో చాలా భాగం ఖాళీగా పడి ఉండేవి. ఇప్పుడు అదే అరీనాకు దేశంలోకెల్లా ఎక్కువమంది వస్తున్నారు, ఎన్నో ఏళ్లుగా. చర్చి నుంచి నేరుగా వచ్చే ముసలమ్మలు, మనవరాళ్లను వెంటబెట్టుకొచ్చే తాతలు, జట్టులో ప్రతి అమ్మాయి హైస్కూలు పేరు కూడా చెప్పగల మనుషులు. టీవీలో చూస్తే ఇది తెలియదు.

తొమ్మిదో సీజన్‌లో, 2017లో, తొలి జాతీయ ట్రోఫీ వచ్చింది. ఫైనల్లో మిసిసిపీ స్టేట్ మీద 67-55. ఆ జట్టులో ప్రధాన తార ఏజా విల్సన్ ఇక్కడికి పక్కనే ఉన్న హాప్‌కిన్స్ అమ్మాయి. 2022లో కనెక్టికట్ మీద 64-49తో రెండోది. అంతవరకు పదకొండు ఫైనల్స్ ఆడి పదకొండూ గెలిచిన కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమ్మాకు ఫైనల్లో అదే మొదటి ఓటమి. 2024లో కాలేజీ ఆటలో పెద్ద తార కేట్లిన్ క్లార్క్ ఉన్న అయోవాను 87-75తో ఓడించి, సీజన్ మొత్తం 38 ఆటలకు 38 గెలిచి మూడోది. మరుసటి ఏడాది ఫైనల్లో అదే కనెక్టికట్ చేతిలో 23 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడారు, అదీ చెప్పాలి. మధ్యలో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు హెడ్ కోచ్‌గా స్వర్ణం. జీతం సంగతి అడగకుండా మనం ఉండలేం కాబట్టి చెబుతున్నాను. 2025 జనవరిలో కొత్తగా రాసుకున్న ఒప్పందం 2029-30 సీజన్ దాకా, మొత్తం సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. మీ సదస్సు వేదిక మీది కార్డియాలజిస్టు గారు నన్ను క్షమించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే. స్టేలీ జీతం చూపించి పిల్లల్ని కోచ్‌లు కమ్మనడం, సుందర్ పిచాయ్ జీతం చూపించి కంప్యూటర్ సైన్స్ చదవమనడం లాంటిదే. ఆ మెట్టు మీద ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే స్టేలీ పక్కన కూర్చునే మనిషిని చూడండి. పేరు లీసా బాయర్. ఆవిడ చదివి ఆడింది ఇథాకా కాలేజీలో, చిన్న కాలేజీ. బ్రాడ్లీ యూనివర్సిటీలో పదేళ్లు హెడ్ కోచ్‌గా చేశారు. ఏబీఎల్‌లో స్టేలీ ఆడిన జట్టుకు ఆవిడే కోచ్. ఆ తరవాత మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏలో క్లీవ్‌లాండ్ కోచ్‌ల బృందంతో పనిచేసి, 2002లో టెంపుల్‌కు వచ్చి, ఒకప్పటి తన ఆటగత్తె కింద అసిస్టెంట్‌గా చేరారు. అప్పటి నుంచి ఆమెతోనే ఉన్నారు. ఒలింపిక్ పతకం లేదు, డబ్ల్యూఎన్‌బీఏలో ఆడలేదు. ఆట చదవడం వచ్చు, చెప్పడం వచ్చు. కోచింగ్‌లో అసలు అర్హత అదే. మన పిల్లల్లో ఎక్కువమందికి దగ్గరగా ఉండేది స్టేలీ కథ కాదు, బాయర్ కథ.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఫ్రిస్కోలో, కమింగ్‌లో, ఎడిసన్‌లో, కేరీలో మూడో క్లాసు నుంచి ఆడపిల్లల్ని బాస్కెట్‌బాల్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు కొదవ లేదు. స్కూలు బయట ఆడే ఏఏయూ క్లబ్ జట్టు ఫీజులు, హోటల్ ఖర్చులు, శనివారం తెల్లవారుజామున మూడు గంటల డ్రైవింగ్, కారులో పులిహోర డబ్బా. అన్నీ చేస్తారు. నాన్నలైతే రిఫరీ మీద కూడా అరుస్తారు. పదో గ్రేడు అయ్యేసరికి వాతావరణం మారుతుంది. ఏపీ కోర్సులు, ఎస్ఏటీ, సమ్మర్‌లో ఏదో ల్యాబ్‌లో రీసెర్చ్. "ఎలాగూ డబ్ల్యూఎన్‌బీఏకి వెళ్లదుగా" అన్న మాట ఇంట్లో వినబడటం మొదలవుతుంది. ఆ లెక్క తప్పు కాదు. 2024 వరకు ఆ లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, జట్టుకు ఎక్కువలో ఎక్కువ 12 మంది, మొత్తం 144 చోట్లు. హైస్కూల్లో ఆడే అమ్మాయిల్లో కాలేజీ దాకా వచ్చేదే వందకు నలుగురైదుగురు. కానీ ఆ లెక్క వేసేవాళ్లు ఎప్పుడూ వేయని లెక్క ఇంకొకటుంది. ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లోనే 350కి పైగా కాలేజీలకు మహిళల జట్లున్నాయి. ఒక్కో జట్టుకు ఒక హెడ్ కోచ్, ముగ్గురు నలుగురు అసిస్టెంట్లు, వీడియో చూసేవాళ్లు, ప్రయాణాలూ ఏర్పాట్లూ చూసే డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు. రెండో డివిజన్, మూడో డివిజన్, జూనియర్ కాలేజీలు వేరే. ఆడే చోట్లు తక్కువే. నేర్పే చోట్లు అంత తక్కువ కాదు.

నాకు తెలిసిన ఒకమ్మాయి మూడో డివిజన్ కాలేజీలో ఆడింది. బయాలజీ మేజర్. నాలుగేళ్లలో ఎక్కువ బెంచీ మీదే కూర్చుంది. కూర్చున్నంతసేపూ అవతలి జట్టు ఏ టైమౌట్ తరవాత ఏ ప్లే వేస్తోందో నోట్‌బుక్‌లో రాసుకునేది. మూడో ఏడాదికి వాళ్ల కోచ్ ఆ నోట్‌బుక్ అడిగి తీసుకోవడం మొదలుపెట్టింది. డిగ్రీ అయ్యాక ఇంకో కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టుకు అప్లై చేస్తానంది. ఒక గృహప్రవేశంలో ఈ మాట బయటికొస్తే అక్కడున్న ఒక పెద్దాయన, మంచాయనే, నవ్వుతూ "అంటే డ్రిల్ మాస్టారు ఉద్యోగమా అమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. వాళ్లమ్మ నవ్వలేదు, ఇంటికెళ్లాక వారం రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదట. మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాయమని పట్టుబట్టారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఏదో ఇన్సూరెన్స్ కంపెనీలో ఉంది. బాగానే ఉంది, నేను కాదనను. ఒక జట్టు మాత్రం ఆ నోట్‌బుక్‌ను పోగొట్టుకుంది.

తల్లిదండ్రుల భయం ఉత్తుత్తి భయమని నేననను. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అంటే మాస్టర్స్ ఫీజు మాఫీ, చేతికి కొద్దిగా స్టైపెండ్, పనికి మాత్రం పగలూ రాత్రీ లేదు. ఆట వీడియోలు కోసి ముక్కలు చేయడం, రిక్రూటింగ్ కోసం ఊళ్లు తిరగడం, ఎయిర్‌పోర్టుకు వెళ్లి పిల్లల్ని తీసుకురావడం. తరవాత అసిస్టెంట్ అయినా రెండేళ్లకొకసారి ఊరు మారాలి. హెడ్ కోచ్‌ని తీసేస్తే ఆమెతో పాటు అందరూ సర్దుకోవాల్సిందే. జట్టు ఓడితే జనం తిట్టేది కోచ్‌నే. ఇవన్నీ నిజాలు. కానీ మెడిసిన్ రెసిడెన్సీలో వారానికి ఎనభై గంటలు, చాలీచాలని జీతం, రెసిడెన్సీ సీటు ఎక్కడొస్తే అక్కడికి వెళ్లడం, ఇవన్నీ మనం కళ్లకద్దుకుని ఒప్పుకుంటున్నాం కదా. కష్టం మనకు అడ్డు కాదు. ఆ కష్టం చివర ఏముందో మనకు కనిపించకపోవడమే అడ్డు. కనిపించేలా చేయగలిగింది మీ సంఘాలే.

వీసా మాట కూడా అనుకోవాలి, లేకపోతే ఈ ఉత్తరం చదివే సగం మంది మనసులో అదే తిరుగుతుంది. హెచ్-4 మీద పెరిగి ఎఫ్-1కి మారే పిల్లల ఇళ్లలో "ఉద్యోగం వచ్చినా లాటరీలో రాకపోతే?" అన్న టెన్షన్ నాకు తెలుసు. యూనివర్సిటీలు స్పాన్సర్ చేసే హెచ్-1బీలకు ఆ లాటరీ పరిమితి వర్తించదు. ఏ కోచింగ్ పోస్టుకు హెచ్-1బీ వస్తుంది, దేనికి రాదు అన్నది ఇమిగ్రేషన్ లాయర్ చూసి చెప్పాల్సిన విషయం. మీ మహాసభల్లో ఉచిత ఇమిగ్రేషన్ సలహా స్టాల్ ఎలాగూ ఉంటుందిగా, అక్కడ ఈ ప్రశ్న కూడా అడిగించండి.

ఇంకో సంగతి మన ఆడపిల్లల తల్లులకు తెలిసి తీరాలి. చదువుల సంస్థల్లో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చిన 1972లో కాలేజీల్లో మహిళల జట్లకు కోచ్‌లుగా ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్లే. ఇప్పుడు అన్ని ఆటలూ కలిపి చూస్తే సగం కూడా లేరు. చట్టం వల్ల ఆడపిల్లల ఆటకు డబ్బు వచ్చింది, జీతాలు పెరిగాయి, జీతాలు పెరగ్గానే మగవాళ్లు దరఖాస్తు పెట్టారు, నియమించే అథ్లెటిక్ డైరెక్టర్లు ఎక్కువమంది మగవాళ్లే కాబట్టి తెలిసినవాళ్లనే తీసుకున్నారు. బాస్కెట్‌బాల్‌లో పరిస్థితి కొంత మెరుగు. నోటర్ డామ్ కోచ్ మఫెట్ మెక్‌గ్రా 2019 ఫైనల్ ఫోర్ సమయంలో ఈ విషయం మీద మీడియా ముందే గట్టిగా మాట్లాడి, తన దగ్గర ఇక మగ అసిస్టెంట్లను పెట్టుకోనని తేల్చి చెప్పేశారు. స్టేలీ చేసింది ఇంకో రకం. 1999లో పర్డ్యూ జట్టుతో జాతీయ ట్రోఫీ గెలిచిన తొలి నల్లజాతి మహిళా కోచ్ కెరొలిన్ పెక్, గెలిచినవాళ్లు ఆనవాయితీగా కత్తిరించుకునే బాస్కెట్ నెట్‌లో ఒక ముక్కను స్టేలీకి ఇచ్చి, నువ్వు గెలిచినరోజు నాకు తిరిగివ్వు అన్నారు. 2017లో గెలిచాక స్టేలీ తన నెట్‌ను ముక్కలు చేయించి, దేశంలో హెడ్ కోచ్‌లుగా ఉన్న నల్లజాతి మహిళలకు పంపించారు. 2021లో ఫైనల్ ఫోర్‌కు వచ్చిన నలుగురు కోచ్‌లలో ఇద్దరు నల్లజాతి మహిళలు, స్టేలీ, అరిజోనా కోచ్ ఏడియా బార్న్స్. అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. బార్న్స్ అయితే తను ఆడిన కాలేజీకే కోచ్‌గా తిరిగొచ్చిన మనిషి.

చూశారా, వీళ్లెవరూ వాళ్లంతట వాళ్లు దారి వెతుక్కుని రాలేదు. ఎవరో ఒకరు పిలిచారు. స్టేలీని టెంపుల్ పిలవకపోతే ఆవిడ కోచ్ అయ్యేవారా? ఏమో. మన అమ్మాయిలను పిలిచేవాళ్లు ఎవరున్నారు?

అందుకే క్రీడా కమిటీల వారికి నా విన్నపం. మీరు పెట్టే టోర్నమెంట్లలో మగవాళ్లకు క్రికెట్, వాలీబాల్, ఆడవాళ్లకు త్రోబాల్. త్రోబాల్ మంచి ఆటే, నేనూ ఆడతాను, ఓడిపోతుంటాను కూడా. పిల్లలకు బాస్కెట్‌బాల్ పెట్టినచోట అమ్మాయిల జట్టుకు కోచ్‌గా ఉండేది సాధారణంగా ఎవరో ఒక అంకుల్, ఆయన చూపు సగం ఫోన్ మీద, సగం పక్క కోర్టులో ఆడుతున్న కొడుకు మీద. ఆ జట్లను హైస్కూలు పూర్తిచేసిన, కాలేజీలో ఆడుతున్న మన అమ్మాయిలకు అప్పగించండి. ఉచిత సేవ అనకండి, డబ్బివ్వండి. జ్ఞాపికలకూ శాలువాలకూ అయ్యే ఖర్చులో పదో వంతు చాలు. యూఎస్ఏ బాస్కెట్‌బాల్ సంస్థ కోచ్ లైసెన్స్ ఇస్తుంది, దానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల భద్రత మీద సేఫ్‌స్పోర్ట్ శిక్షణ తప్పనిసరి. ఆ ఫీజు మీరు కట్టి ఆ లైసెన్స్ ఇప్పించండి. అలా చేస్తే ఆ పిల్ల రెజ్యూమెలో ఒక నిజమైన వాక్యం చేరుతుంది, మన చిన్నపిల్లల భద్రతకూ మంచిది. ఈ రెండోది మన టోర్నమెంట్లలో ఇప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం, దాని మీద విడిగా మరో ఉత్తరం రాయాలి.

యువజన కమిటీల వారికి ఇంకో మాట. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌ల సంఘం డబ్ల్యూబీసీఏ ఆఫీసు ఎక్కడో లేదు, అట్లాంటా శివారు లిల్‌బర్న్‌లో ఉంది. కమింగ్, ఆల్ఫారెట్టా తెలుగువాళ్లకు కారులో కాసేపు. కాలేజీ ఆట ముగింపుకొచ్చిన అమ్మాయిల కోసం "సో యూ వాంట్ టు బీ ఎ కోచ్" అని వాళ్లదొక కార్యక్రమం ఉంది. ఏటా ఫైనల్ ఫోర్ జరిగే ఊళ్లోనే వాళ్ల మహాసభ. ఉద్యోగాల మాటలు, పరిచయాలు అన్నీ అక్కడే. అట్లాంటా వాళ్లయినా ఒకసారి వెళ్లి మాట్లాడి, మీ తరవాతి కెరీర్ సదస్సుకు ఒక అసిస్టెంట్ కోచ్‌ని తీసుకురండి. హెడ్ కోచ్ అక్కర్లేదు, పేరున్నవాళ్లు అసలే అక్కర్లేదు. ఎంత జీతమొస్తుంది, ఆదివారం ఎలా గడుస్తుంది, పెళ్లయ్యాక ఎలా కుదురుతుంది అని మన తల్లులు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే మనిషైతే చాలు. మీరిచ్చే స్కాలర్‌షిప్పుల దరఖాస్తులో స్పోర్ట్ మేనేజ్‌మెంట్, కినీసియాలజీ చదివే పిల్లలకూ అర్హత ఉందని ఒక లైను చేర్చండి. దానికి ఈసీ మీటింగులో పది నిమిషాలు పట్టదు.

షార్లెట్ వాళ్లకు మరొక సూచన. మీ ఊరి నుంచి కొలంబియాకు గంటన్నర. కాలేజీ సీజన్ నవంబరులో మొదలై మార్చి దాకా ఉంటుంది. మన అమ్మాయిల్ని ఒక బస్సులో ఎక్కించి తీసుకురండి. పెద్ద జట్లతో ఆటలకు టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. మన అలవాటు ప్రకారం ఆట మొదలయ్యాక రాకండి, ఓ గంటన్నర ముందే వచ్చి కింది వరసల దగ్గర నిలబడండి. వార్మప్‌లో అసిస్టెంట్ కోచ్‌లు ఒక్కో అమ్మాయిని పక్కకు తీసుకెళ్లి ఏం చెబుతున్నారో, ఎవరి చేతిలో ఏ కాగితాలున్నాయో అప్పుడే దగ్గర్నుంచి కనిపిస్తుంది. బస్సు దిగాక నాకు చెబితే పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందో నేను చూపిస్తాను.

ఇట్లు,
కొలంబియా నుంచి ఒక తెలుగు తల్లి